డేటా ఇస్తే పోతుందా?

మొన్నామధ్య ఊరెళ్ళినప్పుడు మా మేనకోడలు ఓ ధర్మసందేహం పట్టుకొచ్చింది. ఆ పిల్ల ఒక విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేస్తోంది. బోరుబావుల నీళ్ళల్లో ఫ్లోరైడు ఏ కాలంలో ఎంత ఉంటోంది, వానలు పడ్డాక తగ్గుతోందా లేదా అన్నది తన పని. రెండేళ్ళు ఎండనపడి ఊళ్ళు తిరిగి, సీసాల్లో నీళ్ళు పట్టుకొచ్చి, కొలిచింది. మొదటి ఏడాది కొలతలతో ఒక పేపరు వేసింది. అది చదివిన వేరే రాష్ట్రపు పరిశోధక విద్యార్థి ఒకతను "మీ కొలతల పట్టిక మొత్తం పంపగలరా? మా లెక్కలతో పోల్చి చూసుకుంటాం" అని మెయిలు రాశాడట. వాళ్ళ గైడుగారేమో "జవాబివ్వకు, ఊరుకో" అన్నారట.

"నువ్వైతే ఏం చేస్తావు మావయ్యా?" అని అడిగింది.

నేను ఠక్కున "ఇచ్చెయ్యి, ఇస్తే పోయేదేముంది?" అనేశాను. ఊరూపేరూ తెలియని వాళ్ళు రాసి ఉచితంగా పెట్టిన ప్రోగ్రాముల మీద ఇన్నేళ్ళుగా బతుకుతున్నవాణ్ణి, ఇంకేమంటాను?

ఆ పిల్ల ఒప్పుకోలేదు. "నీకేం మావయ్యా, నెల తిరిగేసరికి జీతం పడుతుంది. నా దగ్గర ఉన్న ఆస్తల్లా ఆ పట్టికే. దాంట్లోంచి నేనింకా రెండు పేపర్లు తియ్యాలి. అతనే ముందు తీసేస్తే నా థీసిస్ గతేంటి?" అంది.

నిజం చెప్పొద్దూ, నాకు నోట మాట రాలేదు. ఇచ్చిన సలహా తేలిక, దాని ఖర్చు భరించేది ఆ పిల్ల. అసలీ భయం కొత్తదా, ఇంతకుముందు వాళ్ళు దీన్నెలా దాటారు అని పాత చరిత్ర తిరగేశాను. తెలుసుకున్నవి ఇక్కడ రాసి పెడుతున్నాను. పరిశోధన చేసేవాళ్ళకీ, చెయ్యబోయేవాళ్ళకీ పనికొస్తాయేమో.

ముందు గెలీలియో సంగతి. 1610లో ఆయన దూరదర్శినితో శనిగ్రహాన్ని చూశాడు. మధ్యలో ఒక గోళం, అటూ ఇటూ రెండు చిన్న ముద్దలూ కనిపించాయి. అవి వలయాలని ఆయనకి తెలీదు, మూడు గ్రహాలు పక్కపక్కన ఉన్నాయనుకున్నాడు. ఈ సంగతి బయటపెడితే ఇంకెవరో ఇంకా మంచి దూరదర్శినితో చూసి పేరు కొట్టేస్తారేమోనని భయం. చెప్పకపోతే వేరేవాడెవడో ముందు చెప్పేస్తాడని ఇంకో భయం. అందుకని "అన్నిటికన్నా పైనున్న గ్రహం మూడుగా ఉండటం చూశాను" అన్న లాటిన్ వాక్యంలోని 37 అక్షరాలనీ కలగాపులగం చేసి, ఆ అక్షరాల మూటని ప్రాగ్‌లో ఉన్న కెప్లర్‌కి చేరేలా పంపించాడు. రేపు ఎవరైనా పోటీకొస్తే మూట విప్పి "నేను ముందే చెప్పాను" అనొచ్చన్నమాట.

పాపం కెప్లర్ కిందా మీదా పడి ఆ అక్షరాలు కూర్చి, అంగారకుడికి రెండు చందమామలున్నాయని గెలీలియో కనిపెట్టాడు కాబోలు అనుకున్నాడు! (తమాషా ఏంటంటే అంగారకుడికి నిజంగానే రెండు ఉన్నాయి. కానీ అవి బయటపడింది 1877లో.) చివరికి చక్రవర్తి రుడాల్ఫ్ కూడా అడిగేసరికి అదే ఏడాది నవంబరులో గెలీలియో ముడి విప్పాడు. కథ అక్కడితో ఆగలేదు. అవి ముద్దలు కావు, వలయం అని కనిపెట్టిన హైగెన్స్ కూడా 1656లో అచ్చంగా ఇలాగే అక్షరాల మూట ఒకటి అచ్చువేసి, దాన్ని 1659లో గానీ విప్పలేదు. స్ప్రింగుల సూత్రం కనిపెట్టిన హుక్ 1676లో మూట కట్టి 1678లో విప్పాడు.

వీళ్ళెవరూ దుర్మార్గులు కారు, పిసినార్లూ కారు. కనిపెట్టినది చెప్పేస్తే, కనిపెట్టింది ఫలానావాడే అని రాసిపెట్టే ఏర్పాటు ఆ రోజుల్లో లేదు. అలాంటప్పుడు దాచుకోవటమే తెలివైన పని. మా మేనకోడలి భయమూ ఇదే. నాలుగొందల ఏళ్ళ తేడా అంతే.

దీనికో మందు కనిపెట్టిన మనిషి పేరు హెన్రీ ఓల్డెన్‌బర్గ్. ఈయన పెద్ద శాస్త్రజ్ఞుడేం కాదు. లండన్ రాయల్ సొసైటీకి కార్యదర్శి. యూరపంతా ఉత్తరాలు రాయటం, వచ్చినవి సొసైటీలో చదివి వినిపించటం ఆయన పని. (ఆ ఉత్తరాల పుణ్యాన 1667లో అనుమానం మీద లండన్ టవర్ జైల్లో కూడా పెట్టారు ఆయన్ని. అప్పుడు డచ్చివాళ్ళతో యుద్ధం నడుస్తోంది లెండి.) ఆయన 1665 మార్చిలో "ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్" అనే పత్రిక మొదలెట్టాడు. అదే ఏడాది జనవరిలో పారిస్‌లో ఇంకో పత్రిక మొదలైంది గానీ, పూర్తిగా శాస్త్రానికే అన్నట్టు నడిచింది ఇదే. ఇప్పటికీ వస్తోంది.

పత్రికంటే మనకి మామూలు విషయం. కానీ అందులో ఉన్న బేరం చూడండి. నువ్వు కనిపెట్టింది మాకు చెప్పు, మేం తేదీ వేసి అచ్చేస్తాం, ఆ తేదీనించీ అది నీదే. దాస్తే పేరు పోతుంది, చెబితే పేరు నిలుస్తుంది. మనుషుల్ని మంచివాళ్ళుగా మార్చాలని ఆయన ప్రయత్నించలేదు, లాభం ఎటువైపుందో దాన్ని తిప్పాడంతే. అదే సొసైటీలో రాబర్ట్ బాయిల్ ఇంకో అలవాటు నేర్పాడు. ప్రయోగం ఎలా చేశాడో, ఏ గాజు బుడ్డీ వాడాడో, చదివినవాడు తిరిగి చేసుకునేంత వివరంగా రాసేవాడు. కుదరని ప్రయోగాల గురించి కూడా 1661లో వేసిన పుస్తకంలో విడిగా రాశాడు. కుదరనివి చెప్పుకోవటం మనకి ఇప్పటికీ నామోషీయే కదా!

అయినా అలవాట్లు ఒక్కరోజులో పోవు. న్యూటన్ కలనగణితాన్ని 1665-66 ప్రాంతంలోనే తయారు చేసుకుని పెట్టెలో పెట్టేశాడు. 1676లో లైబ్నిజ్‌కి రాసిన ఉత్తరంలో అసలు విషయాన్ని మళ్ళీ అక్షరాల మూటే కట్టాడు. ఆ ఉత్తరం చేరవేసింది ఎవరనుకున్నారు? ఓల్డెన్‌బర్గే! లైబ్నిజ్ తన పద్ధతిని 1684లో అచ్చేశాడు. ఇంక "నాదంటే నాది" అని దశాబ్దాల తరబడి తగువు. 1712లో రాయల్ సొసైటీ విచారణ సంఘం వేసి న్యూటన్‌దే ముందు అని తేల్చింది. అప్పుడు సొసైటీ అధ్యక్షుడు న్యూటనే, ఆ నివేదిక రాసింది కూడా చాటుగా న్యూటనే. ఇద్దరూ విడివిడిగా కనిపెట్టారని ఇవాళ అందరూ ఒప్పుకుంటారు. పెట్టెలో పెట్టుకోవటం వల్ల న్యూటన్ అంతటివాడికి మిగిలింది ఆ తగువు.

ఇది చదువుతుంటే నాకు మన యల్లాప్రగడ సుబ్బారావుగారు గుర్తొచ్చారు. 1895లో భీమవరంలో పుట్టి, అమెరికా వెళ్ళి హార్వర్డులో సైరస్ ఫిస్కె దగ్గర పనిచేశారు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంతుందో రంగుని బట్టి కొలిచే పద్ధతిని ఇద్దరూ కలిసి 1925లో ప్రచురించారు. ఏ మందు ఎంత కలపాలో, నీలం రంగు ఎలా తెప్పించాలో, దాన్ని ఎలా పోల్చాలో అంతా అందులో రాసి ఉంది. దాంతో ప్రపంచంలో ఎక్కడెక్కడి ప్రయోగశాలలూ ఆ పద్ధతిని వాడుకున్నాయి. "ఫిస్కె-సుబ్బారావు పద్ధతి" అని ఆయన పేరుతోనే పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది.

అదే సుబ్బారావుగారి ఇంకో పనికి ఏం గతి పట్టిందో చూడండి. అదే విభాగంలో విద్యార్థిగా ఉండి, తర్వాత 1988లో నోబెల్ బహుమతి అందుకున్న జార్జ్ హిచింగ్స్ చెప్పిన మాట ఇది. సుబ్బారావుగారు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడులని ఏళ్ళ తర్వాత వేరేవాళ్ళు మళ్ళీ మొదట్నించీ కనిపెట్టుకోవలసి వచ్చిందట. ఫిస్కె బహుశా అసూయతో వాటిని వెలుగులోకి రానివ్వకపోవటమే కారణమని హిచింగ్స్ అభిప్రాయం. ఒకే మనిషి, ఒకే ప్రయోగశాల. అచ్చయిన పని ఆయన పేరు మోసింది, అచ్చుకాని పని ఆయన పేరు లేకుండా పోయింది. మా మేనకోడలికి ఫోన్లో ఈ ముక్క చెబితే కాసేపు ఏమీ మాట్లాడలేదు.

సరే, పత్రికలతో మొదటి తాళం ఊడింది. కానీ ఇరవయ్యో శతాబ్దంలో ఆ పత్రికలకే తాళాలు పడ్డాయి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత పరిశోధన పెరిగింది, పత్రికలూ పెరిగాయి, వాటిని వ్యాపారం చేసుకున్నవాళ్ళూ పెరిగారు. రాబర్ట్ మాక్స్‌వెల్ 1951లో చేతిలోకి తీసుకున్న పెర్గమాన్ ప్రెస్ దీనికి పెద్ద ఉదాహరణ. పేపరు రాసేవాడికి డబ్బివ్వక్కర్లేదు, తప్పులు చూసే తోటి పరిశోధకుడికీ ఇవ్వక్కర్లేదు. వాళ్ళ జీతాలు చాలావరకు ప్రజల పన్నుల్లోంచే వస్తాయి. వాళ్ళ గ్రంథాలయాలకే మళ్ళీ ఆ పత్రిక అమ్మాలి. ఇంతకన్నా మంచి వ్యాపారం ఏముంటుంది చెప్పండి! మాక్స్‌వెల్ 1991లో ఆ కంపెనీని ఎల్సెవియర్‌కి అమ్మేశాడు.

సరిగ్గా అదే 1991లో, ఆగస్టు నెలలో, లాస్ అలమాస్ ప్రయోగశాలలో పాల్ గిన్స్‌పార్గ్ అనే భౌతికశాస్త్రవేత్త ఒక చిన్న మెయిలు ప్రోగ్రాము పెట్టాడు. అప్పటిదాకా భౌతికశాస్త్రంలో పేపరు పత్రికలో రాకముందే దాని ప్రతులు పోస్టులో స్నేహితులకి పంపుకునేవాళ్ళు. పెద్ద పేరున్న చోట ఉన్నవాడికి అందేవి, మూలనున్నవాడికి అందేవి కావు. గిన్స్‌పార్గ్ యంత్రానికి పేపరు పంపితే అది దాచిపెట్టి, అడిగిన వాళ్ళందరికీ పంపేది. అదే ఇవాళ్టి ఆర్కైవ్. తర్వాత కార్నెల్ విశ్వవిద్యాలయానికి మారింది. 2022 మొదట్లో అందులో పేపర్లు 20 లక్షలు దాటాయి. పాయింకరే ప్రతిపాదనకి పెరెల్మాన్ ఇచ్చిన రుజువు 2002-03లో అక్కడే పెట్టాడు, ఏ పత్రికకీ పంపనే లేదు. ఓల్డెన్‌బర్గ్ వేసిన తేదీ ముద్రే ఇక్కడా ఉంది, కాకపోతే ఏళ్ళూ నెలలూ ఆగక్కర్లేదు.

ఇక మూడో తాళం డేటాది. మా పిల్ల సమస్య అదే కాబట్టి దీని దగ్గర కాస్త ఆగుదాం. మనిషి జన్యుపటం చదివే పని మొదలైనప్పుడు, చదివిన అక్షరాలని ఎవరికి వాళ్ళు దాచుకుంటే ఎలా అన్న ప్రశ్న వచ్చింది. 1996 ఫిబ్రవరిలో బెర్ముడాలో సమావేశమై, జాన్ సల్‌స్టన్, బాబ్ వాటర్‌స్టన్ లాంటివాళ్ళ పట్టుదల మీద ఒక నియమం పెట్టుకున్నారు. వెయ్యి అక్షరాలు దాటిన ప్రతి ముక్కనీ వీలైతే 24 గంటల్లో అందరికీ తెరిచెయ్యాలి. పేపరు రాసేదాకా ఆగటం లేదు! 1998లో క్రెయిగ్ వెంటర్ సెలేరా కంపెనీ పెట్టి పోటీకి దిగాక, ముందు వాళ్ళు పూర్తిచేస్తే జన్యువుల మీద పేటెంట్లు పడతాయేమోనన్న భయం పట్టుకుంది.

ఇక్కడ మన జాతివాడొకడు వస్తాడు. జిమ్ కెంట్ అనే ప్రోగ్రామరు. బొమ్మలు కదిలించే సాఫ్ట్‌వేర్లు రాసుకుంటూ బతికి, తర్వాత కాలిఫోర్నియాలోని శాంటాక్రజ్ విశ్వవిద్యాలయంలో జీవశాస్త్రంలో పీహెచ్‌డీకి చేరాడు. అక్కడ డేవిడ్ హాస్లర్ బృందానికి ఆ ముక్కలన్నీ ఒక వరసలో అతికించే పని వచ్చింది. కెంట్ 2000 సంవత్సరంలో సుమారు నాలుగు వారాలు రాత్రింబవళ్ళు కూర్చుని ప్రోగ్రాము రాశాడు, మణికట్లకి ఐసు పెట్టుకుంటూ మరీ. వంద మామూలు పీసీల మీద నడిపి, జూన్ 22 నాటికి అతికించేశాడు. నాలుగు రోజుల తర్వాత వైట్‌హౌస్‌లో ప్రకటన. జూలై 7న మొత్తం జాలంలో పెట్టేశారు, ఎవరైనా దించుకోవచ్చు. ఎవరో దేశదేశాల్లో చదివిన ముక్కలు తెరిచి ఉండబట్టే ఒక విద్యార్థి ఆ పని చెయ్యగలిగాడు.

అలాగని ఇచ్చినవాడికి ఎప్పుడూ మేలే జరుగుతుందని చెబితే అబద్ధమవుతుంది. 2020 జనవరి 11న కరోనా వైరసు జన్యుక్రమాన్ని, సుమారు 30 వేల అక్షరాలని, షాంఘైకి చెందిన ఝాంగ్ యోంగ్‌ఝెన్ సరేననగానే ఎడ్వర్డ్ హోమ్స్ జాలంలో పెట్టాడు. రెండు రోజుల్లో టీకా నమూనా తయారైంది. మర్నాడే ఝాంగ్ ప్రయోగశాలని "సరిదిద్దుకోవటం" పేరుతో మూయించారు. ఇవ్వటానికి ఖర్చుంటుంది. అది ఒక్కడి నెత్తిన పడకుండా చూడటానికే నియమాలు కావాలి.

ఇంతకీ పట్టిక ఇవ్వటం వల్ల సైన్సుకేం లాభం? దీనికి జవాబు ఒక క్లాసు హోంవర్కులో ఉంది. 2010లో రైన్‌హార్ట్, రోగాఫ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఒక పేపరు వేశారు. ఒక దేశపు అప్పు దాని జీడీపీలో 90 శాతం దాటితే ఆర్థికాభివృద్ధి పడిపోతుందని దాని సారాంశం. ఖర్చులు తగ్గించాలనే రాజకీయ నాయకులు అటు అమెరికాలోనూ ఇటు యూరప్‌లోనూ దాన్ని తెగ వాడుకున్నారు. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో థామస్ హెర్న్‌డన్ అనే విద్యార్థికి, అచ్చయిన ఒక పేపరు లెక్కల్ని మళ్ళీ చేసి చూపించమని క్లాసులో పని ఇచ్చారు. అతను దీన్ని పట్టుకున్నాడు. ఎంత చేసినా ఆ అంకెలు రావే! తప్పు తనదేననుకున్నాడు. చివరికి రచయితలకి రాస్తే వాళ్ళు తమ ఎక్సెల్ పట్టిక పంపించారు.

చూస్తే, సగటు తీసే ఫార్ములా చివరి అయిదు వరసల దాకా వెళ్ళలేదు. అయిదు దేశాలు ఎగిరిపోయాయి. ఇదొక్కటే కాదు, కొన్ని దేశాల్లో కొన్నేళ్ళ లెక్కలు వదిలెయ్యటం, సగటుకి బరువులు వేసిన తీరు కూడా కలిశాయి. అన్నీ సరిచేస్తే, 90 శాతం దాటిన దేశాల సగటు అభివృద్ధి మైనస్ 0.1 శాతం అన్నది కాస్తా 2.2 శాతం అయింది. హెర్న్‌డన్, అతని ఇద్దరు ప్రొఫెసర్లు 2013లో ఇది బయటపెట్టారు. రచయితలు ఎక్సెల్ తప్పు ఒప్పుకున్నారు గానీ, తమ అసలు వాదన నిలుస్తుందనే అన్నారు. ఏదేమైనా, పట్టిక పంపినందుకు వాళ్ళని మెచ్చుకోవాలి. పంపకపోతే ఈ తప్పు బయటపడేది కాదు. మూడేళ్ళపాటు లక్షలమంది బతుకుల మీద చర్చ నడిచిన ఒక అంకెని ఇంకొకళ్ళు తిరిగి లెక్కపెట్టి చూసేందుకు ఆ పట్టిక కావలసి వచ్చింది.

నా సంగతీ చెప్పుకోవాలి, లేకపోతే నీతులు ఎదటివాళ్ళకే అన్నట్టుంటుంది. నా ఎంటెక్ ప్రాజెక్టు గురించి కొన్నేళ్ళ తర్వాత ఒక విద్యార్థి రాశాడు, ప్రోగ్రామూ దత్తాంశాలూ ఇవ్వమని. వెతికాను. ప్రోగ్రాము దొరికింది, నడవలేదు. దత్తాంశాల ఫైళ్ళు "కొత్త", "కొత్త2", "చివరిది", "అసలు చివరిది" అని నాలుగున్నాయి. నా గ్రాఫు ఏ ఫైల్లోంచి వచ్చిందో నాకే తెలీలేదు. అతనికి "సారీ" అని రాశాను. నేనేమీ దాచుకోలేదు, అయినా అతనికి అందింది సున్నా.

అందుకే ఓపెన్ సైన్స్ అని ఈ మధ్య అంటున్నదాన్ని (2021 నవంబరులో యునెస్కో కూడా దీని మీద సిఫార్సు చేసింది) విద్యార్థులకి ఉపన్యాసంతో నేర్పితే లాభం లేదని నా అభిప్రాయం. హెర్న్‌డన్ క్లాసులో చేసినట్టు చెయ్యాలి. చేరిన మొదటి ఆర్నెల్లలో ఒక అచ్చయిన పేపరు చేతికిచ్చి, అందులో అంకెలు మళ్ళీ తెప్పించమనాలి. ఏం రాసి ఉంటే తనకి పని తేలికయ్యేదో అప్పుడు ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. మన దేశంలో థీసిస్‌లు శోధగంగలో పెట్టాలని 2009లో యూజీసీ నియమం పెట్టింది, మంచిదే. 2025 నించి "ఒక దేశం, ఒక చందా" కింద మూడేళ్ళకి 6,000 కోట్లతో ప్రభుత్వ విద్యాసంస్థలకి సుమారు 13 వేల పత్రికలు అందించే ఏర్పాటు వచ్చింది, అదీ మంచిదే. కానీ ఇవి చదువుకునే తలుపులు. మన లెక్కల్ని ఇంకొకరు సరిచూసే తలుపు మనమే తియ్యాలి.

ఇవన్నీ విన్నాక మేనకోడలు అంది, "అయితే మొత్తం ఇచ్చెయ్యమంటావా?" ఈసారి నేను ఠక్కున చెప్పలేదు. ఇద్దరం కూర్చుని తేల్చుకున్నది ఇదీ. అచ్చయిన పేపరు వెనకున్న మొదటి ఏడాది పట్టిక ఇవ్వాలి, ఎందుకంటే ఆ మాట లోకానికి చెప్పేశాం, రుజువు చూపించటం బాధ్యత. రెండో ఏడాది పట్టిక తన పేపరు రాసేదాకా తన దగ్గరే ఉంచుకోవచ్చు. రాయగానే ముందు తేదీతో జాలంలో ఒక ప్రతి పెట్టెయ్యాలి, అప్పుడు ఎవరు ముందన్న తగువుండదు. బోరు యజమానుల పేర్లు, సర్వే నంబర్లు తీసెయ్యాలి, ఎందుకంటే అవి వాళ్ళ సొంత విషయాలు. ఊరి పేరు, తేదీ, లోతు, కొలిచిన పద్ధతి ఉంచాలి.

గైడుగారిని ఒప్పించటానికి ఆ పిల్ల వాడిన వాదన మాత్రం నాది కాదు. మద్రాసు రాష్ట్రంలో ఫ్లోరోసిస్ ఉందని షార్ట్, ఆయన సహచరులు 1937లో పేపరు వేశారు. అప్పటి నెల్లూరు జిల్లా ఊళ్ళ సంగతది. "ఆ పేపరుంది కాబట్టే కదా సార్, మనం దాన్నించి మొదలెట్టాం. మన తర్వాత వచ్చేవాళ్ళు దేన్నించి మొదలెడతారు?" అందట. ఆయన కాసేపు ఆలోచించి "మొదటి ఏడాదిది మాత్రమే" అన్నారట.

పంపే ముందు పట్టిక శుభ్రం చేస్తుంటే, ఒక ఊరి నమూనా రెండుసార్లు ఎక్కిందని బయటపడింది. సగటు పెద్దగా మారలేదు, కానీ పత్రికకి సవరణ రాసి పంపింది. అటువైపు కుర్రాడు పట్టిక అందుకుని కృతజ్ఞతలు చెప్పి, ఒకే ఒక్క ప్రశ్న అడిగాడట. ఫలానా బోరులో వానల తర్వాత ఫ్లోరైడు తగ్గాల్సింది పోయి పెరిగింది, ఎందుకని.

మా పిల్ల ఆ సంగతి అంతకుముందు గమనించలేదు. వచ్చే వారం మళ్ళీ సీసాలు పట్టుకుని ఆ ఊరెళ్తోంది.